ఇంట్లో ఉన్నవాడు

పటమటలో ఆ అపార్ట్‌మెంటుకి వచ్చిన కొత్తలో ఎవరైనా ‘ఏం చేస్తుంటారు?’ అని అడిగితే, తేజేశ్వర్ ‘సెలవులో ఉన్నానండీ’ అనేవాడు. ఆ సెలవుకి మూడేళ్ళు నిండాయి.

అంతకుముందు అతను వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో పనిచేసేవాడు. భార్య మల్లీశ్వరి పామర్రు దగ్గర సర్కారు బడిలో టీచరు. కూతురు సింధూరి నెలలు నిండకుండా పుట్టింది. కాస్త చల్లగాలి తగిలితే చాలు, పిల్లికూతలతో ఆయాసం. బేబీ కేర్‌లో వేస్తే వారంలో రెండుసార్లు ఆసుపత్రికి పరుగెత్తాల్సి వచ్చింది. ఇద్దరిలో ఒకరు ఉద్యోగం మానక తప్పలేదు. మల్లీశ్వరిది నాలుగుసార్లు డీఎస్సీ రాసి తెచ్చుకున్న ఉద్యోగం.

“నేను మానేస్తాలే,” అన్నాడు తేజేశ్వర్, అన్నం కలుపుకుంటూ.

“మళ్ళీ ఆలోచించుకోండి. నలుగురూ నాలుగు మాటలంటారు.”

అన్నారు కూడా. టీకాలకు తీసుకెళ్తే నర్సమ్మ పాప తల్లి కోసం అతని వెనక్కి చూసేది. పార్కులో ఆడవాళ్ళు కబుర్లాడుకుంటుంటే అతను ఉయ్యాల దగ్గర ఒక్కడే నిలబడేవాడు. ఊరు మొత్తానికి ఇలాంటి మగాడు తనొక్కడేనేమో అనుకునేవాడు. పెడనలో ఉన్న తండ్రి వెంకటప్పయ్యకి మాత్రం ఉద్యోగం మానేసిన సంగతి చెప్పనే లేదు. నలభై ఏళ్ళు మగ్గం నేసిన మనిషి, కొడుకు ఇంట్లో కూర్చున్నాడంటే ఏమనుకుంటాడోనని భయం.

కానీ మొన్న వేసవిలో ముసలాయనకి కంట్లో శుక్లం తీయించాల్సి వచ్చింది. కట్టు కట్టించుకుని వచ్చి పది రోజులు కొడుకు దగ్గరే ఉన్నాడు.

దాచడానికి ఏం మిగిలింది? పొద్దున్నే మల్లీశ్వరి బస్సుకి వెళ్ళిపోయేది. తేజేశ్వర్ పాపకి నీళ్ళు పోసి, రెండు జడలు వేసి, మారాం చేస్తే చందమామను ఇడ్లీ ముక్కలోకి దించి తినిపించేవాడు. వెంకటప్పయ్య మంచం మీద పడుకుని అన్నీ వింటూ ఉండేవాడు. మొదటి రోజు ఏమీ అనలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజుకి ఆ మౌనం తేజేశ్వర్‌కి తిట్టుకన్నా ఎక్కువైంది.

నాలుగో రోజు ఎదురింటి కనకలక్ష్మిగారు పలకరించడానికి వచ్చింది. కన్ను ఎలా ఉందని అడిగి, మాటల్లో మాటగా, “మీ అబ్బాయి ఇంకా ఖాళీగానే ఉన్నాడాండీ బాబాయిగారూ?” అంది.

వంటింట్లో పాలు వడపోస్తున్న తేజేశ్వర్ చెయ్యి ఆగిపోయింది.

“ఖాళీయా!” అన్నాడు వెంకటప్పయ్య. “పొద్దుట్నించి వాడు మంచినీళ్ళు తాగడం నేను వినలేదమ్మా. ఖాళీ ఎక్కడిది?”

ఆవిడ వెళ్ళాక తేజేశ్వర్ వచ్చి తండ్రి మంచం పక్కన కూర్చున్నాడు.

“ఉద్యోగం మానేశాను నాన్నా. నీకు చెప్పలేదు.”

“తెలుస్తూనే ఉందిగా,” అన్నాడు ముసలాయన. “నువ్వు నెలల పిల్లాడప్పుడు చీరలు కొనేవాడు లేడురా. మీ అమ్మ భద్రమ్మ మూట నెత్తినెత్తుకుని ఊళ్ళు తిరిగి అమ్మేది. పొద్దున పోతే దీపాలవేళకి వచ్చేది. నీ ఉయ్యాల తాడు మగ్గం తొక్కుడుచెక్కకి కట్టుకున్నా. నేను నేస్తుంటే నువ్వు ఊగేవాడివి. నేత ఆపితే ఏడ్చేవాడివి. నీ ఏడుపుకి భయపడి రోజుకి రెండు మూరలు ఎక్కువ నేశాను.”

తేజేశ్వర్ ముప్పై అయిదేళ్ళుగా తనను పెంచింది అమ్మే అనుకున్నాడు.

“ఇన్నాళ్ళూ ఎప్పుడూ చెప్పలేదేం?”

“చెప్పడానికేముందిరా? ఇంట్లో ఉన్నవాడు పిల్లాణ్ణి చూసుకుంటాడు. మా వీధిలో సగం మంది మగాళ్ళం అంతే. దానికో పేరుందని కూడా మాకు తెలియదు.”

ఆ సాయంత్రం బడి నుంచి వచ్చిన మల్లీశ్వరికి ఈ సంగతి చెబుతూ తేజేశ్వర్ నవ్వబోయి, నవ్వలేకపోయాడు. ఆవిడ లోపలికెళ్ళి మామగారి కాళ్ళ దగ్గర చాలాసేపు కూర్చుంది.

జూన్‌లో నర్సరీ అప్లికేషన్‌లో తండ్రి వృత్తి అన్నచోట ‘ఇంట్లో పాపను చూసుకుంటాను’ అని రాశాడు తేజేశ్వర్. క్లర్కు చదివి, తలెత్తి చూసి, ముద్ర వేశాడు.

దసరా ముందు ఒక మధ్యాహ్నం, పై అంతస్తు దుర్గాప్రసాద్ తలుపు కొట్టాడు. భార్యకి గన్నవరం ఎయిర్‌పోర్టులో ఉద్యోగం. అతని భుజం మీద అయిదు నెలల పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

“అందరికీ వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెప్పానండీ,” అన్నాడు నేలచూపులు చూస్తూ. “నిజానికి మానేసి నాలుగు నెలలైంది. వీడికి కడుపులో గాలి పట్టినట్టుంది. ఎలా పట్టుకోవాలో తెలియడం లేదు.”

“లోపలికి రండి,” అన్నాడు తేజేశ్వర్. పిల్లాణ్ణి అందుకుని, ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకుని, వీపు మీద మెల్లగా నిమరడం మొదలుపెట్టాడు. “ఇదిగో, ఇలా. మీ చెయ్యి ఇక్కడ పెట్టండి.”