తంగూసుకి గొడుగు

దేవరాజు అంకుల్ మే నెల మిట్టమధ్యాహ్నం కాలవ గట్టు మీద గొడుగు పట్టుకుని కూర్చుంటారు. ఆ గొడుగు ఆయన నెత్తి మీద ఉండదు. పక్కకి వాలి, గాలం కర్రకున్న రీలు మీద ఉంటుంది. రీలులో తంగూసుకి ఎండ తగలకూడదు. ఆయన బట్టతలకి తగిలినా పరవాలేదు, అది నైలాన్ కాదు కదా.

తంగూసు అంటే గాలానికి కట్టే నైలాన్ దారం. మా ఏలూరు చుట్టుపక్కల చేపలు పట్టేవాళ్లు దాన్ని కొంటారు, కడతారు, తెగితే ఓ బూతు మాట అనుకుని ఇంకోటి కొంటారు. దేవరాజు అంకుల్ మాత్రం దాన్ని పెంచుతారు.

"ఏవండీ, గొడుగు కాస్త పక్కకి జరిగినట్టుందండీ," అంటారు దారిన పోయేవాళ్లు, పాపం జాలిపడి.

"లేదండీ, సరిగ్గానే ఉందండీ," అంటారు ఈయన అంతకన్నా మర్యాదగా.

వాళ్లు పది అడుగులు వేసి వెనక్కి తిరిగి చూస్తారు. ఇప్పటిదాకా చూడకుండా వెళ్లినవాళ్లని నేను చూడలేదు.

ఆయన ముప్పై ఐదేళ్లు పవరుపేటలో లేడీస్ టైలరు. చీర కొంగు చూపిస్తే చాలు, దానికి మ్యాచింగ్ జాకెట్టు గుడ్డా దారమూ కళ్లు మూసుకుని తీసేవారట. కళ్లు మూసుకుంటే రంగెలా తెలుస్తుందని నన్నడక్కండి, వాళ్లావిడ సలోమి ఆంటీ అలాగే చెప్తుంది. మిషను మానేశాక కూడా చేతులు దారాన్ని వెతుక్కున్నాయి. తంగూసు దొరికింది.

వట్లూరులో మా ఇంటికి రెండిళ్ల అవతల వాళ్లిల్లు. నేను ఇంజనీరింగ్ మూడో ఏడు మధ్యలో మానేసి ఇంటికొచ్చినప్పుడు వీధి వీధంతా "ఎందుకు మానేశావు బాబీ" అని అడిగింది. పాలాయన అడిగాడు. పాస్టర్ గారైతే నన్నడక్కుండా ప్రార్థనలో నేరుగా దేవుణ్నే అడిగేశారు, నేను ముందు వరసలో ఉండగా. దేవరాజు అంకుల్ ఒక్కరే వేరే ప్రశ్న వేశారు. "నీ గాలానికి ఎంత మందం కట్టావు రా?"

ఈ మనిషికి మనుషులతో పనిలేదని ఆ రోజే తేల్చుకున్నాను.

తంగూసు కొనడానికి ఆయన తాడేపల్లిగూడెం దాకా వెళ్తారు. ఏలూరులో దొరకదా అంటే దొరుకుతుంది. కానీ ఇక్కడి కొట్లలో చుట్టలు వీధి వైపు అద్దాల్లో పెడతారు, ఎండ చూసిన సరుకు ఈయనకి పనికిరాదు. ఒకసారి టీవీఎస్ బండి వెనక కూర్చుని నేనూ వెళ్లాను. అంకుల్ గుమ్మంలో కనబడగానే కొట్టు యజమాని అబ్బాయిరాజు గారు లేచి ఫ్యాను కట్టేశారు.

"గాలికి దారం ఊగుతోందని మళ్లీ మీరే అంటారు కదండీ," అన్నారు నీరసంగా.

అంకుల్ ఒక చుట్ట విప్పి, రెండు బారలు లాగి, కళ్లు మూసుకుని పెదాల మధ్య నుంచి మెల్లగా జారనిచ్చారు. వేలికి తెలియని గరుకు పెదానికి తెలుస్తుందట. మొదటిది వద్దన్నారు. రెండోదీ వద్దన్నారు. నాలుగో చుట్టకి అబ్బాయిరాజు గారి ఓపిక అయిపోయింది.

"మీరు ఎంగిలి చేసినవి నేనెవరికి అమ్మాలండీ?"

"ఎవరికీ అమ్మకండి. బాగోలేవనే కదండీ చెప్తున్నాను."

"పోనీ ఎంత మందం కావాలో అదన్నా చెప్పండి."

"ఏ చేపకి, ఏ నీళ్లలో, ఎవరి చేతికి అన్నది చూసుకోకుండా మందం ఎలా చెప్తామండీ? జెల్లకి సన్నం చాలు. కొర్రమీనైతే గుర్రపుడెక్క మొక్కల్లోకి దూరుద్ది, కాడల్ని తెంపుకుంటూ బయటికి లాగాలి. అలాగని మరీ లావు కడితే రీలు మీంచి స్ప్రింగులా లేచి నిలబడుద్ది."

"సరేనండీ, ఇంతకీ ఇది ఎవరి చేతికండీ?"

"అది చెప్పకూడదండీ."

అదేదో లీకవ్వకూడని ప్రశ్నపత్రం అయినట్టు. చివరికి గోడౌనులోంచి తెప్పించి ఐదు చుట్టలు, ఐదు రకాల మందాలు కొన్నారు. ఒక మనిషి, ఒక గాలం, ఐదు చుట్టలు. పిచ్చి ముదిరింది అనుకున్నాను.

ఇంట్లో ఆ చుట్టలుండేది బీరువాలో, సలోమి ఆంటీ పెళ్లి చీరకి పై అరలో. చీకటిగా, చల్లగా ఉండాలట. ఆంటీ చీరలు మాత్రం డాబా మీద ఎండలో ఆరుతుంటాయి. చేపల వేట నుంచి రాగానే తంగూసుకి మంచినీళ్ల స్నానం, మెత్తటి పాత చీర ముక్కతో తుడుపు, నీడలో ఆరబెట్టడం. గాలం ముడి దగ్గర ఒక బార కోసి పారెయ్యడం కూడా ఉంది, అక్కడ రాళ్లకీ పళ్లకీ ఒరుసుకుపోయి ఉంటుందని. పారెయ్యడం అంటే పారెయ్యరు. పక్షుల కాళ్లకి చుట్టుకుంటుందని ముక్కలు ముక్కలు చేసి డబ్బాలో వేస్తారు.

"మొన్న నాకు జ్వరమొచ్చింది బాబీ," అంది ఆంటీ, ఆయన వినేలాగ. "తడిగుడ్డ వెయ్యమంటే గుడ్డ ఖాళీ లేదన్నారు."

"తంగూసు తుడిచాక వేశాను కదా," అన్నారు అంకుల్.

ఈ పిచ్చి సొంత గాలంతో ఆగితే బాగుండేది. గట్టు మీద ఎవరి గాలం కనబడినా సరే, తంగూసు పెదాల మధ్య పెట్టుకుని "దీనికి ఒంట్లో బాలేదండీ, ఓ రెండ్రోజులు నా దగ్గర ఉంచండి," అంటారు. మేము దాన్ని అడ్మిట్ చేసుకోవడం అనేవాళ్లం. రెండ్రోజుల తర్వాత డిశ్చార్జి చేసి, "ముడి పొడిగా బిగించకండి, కాలిపోద్ది, తడిపి బిగించండి," అని చెప్పి, అప్పటికప్పుడు ముడి మీద ఉమ్మేసి చూపించేవారు. పాస్టర్ గారి గాలం మీద కూడా ఉమ్మేశారు. ఆయన కళ్లు మూసుకుని ఊరుకున్నారు.

ఇక నా సంగతి. నేనో యూట్యూబ్ ఛానల్ పెట్టాను, చేపల వేట మీద. ఏడు నెలల్లో పద్దెనిమిది వీడియోలు పెట్టాను. అన్నిట్లో నేనున్నాను, నీళ్లున్నాయి. చేప లేదు. హైస్కూల్లో లెక్కలు చెప్పే మా నాన్న ఎడ్విన్ గారు ఒక రోజు అన్నం తింటూ తీర్పు చెప్పేశారు.

"నెలాఖరు లోపు అందులో ఒక్క చేప కనబడాలి. లేకపోతే ఒకటో తారీకున ఉండి ఊళ్లో చేపల మేత గోడౌనులో చేరతావు. మాట్లాడి పెట్టాను. అక్కడా చేపల పనే కదా."

బస్తాలు మొయ్యడం నాకిష్టం లేదు. ఒక చోట పొద్దున్నించి సాయంత్రం దాకా ఉండటం అంతకన్నా ఇష్టం లేదు. వెంటనే ఆన్‌లైన్‌లో ఆకుపచ్చ తంగూసు తెప్పించాను. డబ్బా మీద పులి బొమ్మ, కింద 'యాభై కేజీలు' అని ఉంది. అంకుల్‌కి చూపించాను. ఆయన పెదాల మధ్య ఒక జానెడు జారనిచ్చి ఆపేశారు.

"యాభై కేజీలంటే ఇది వచ్చిన లారీలో పెట్టెలన్నిటి బరువేమో రా. గాలం ఇలా ఇయ్యి, రెండ్రోజులు..."

"మీరు అడ్మిట్ చేసుకుంటే నా నెల అయిపోద్ది అంకుల్. ఇవ్వను."

ఇవ్వకపోయినా ఏం లాభం. నేను స్నానానికి వెళ్లొచ్చేసరికి వరండాలో గాలం లేదు. మూడో రోజు పొద్దున్నే తెచ్చి గోడకి ఆనించారు. "చూశాను. ఫరవాలేదు," అన్నారు. జీవితంలో మొదటిసారి ఈయన ఒక తంగూసుని ఫరవాలేదన్నారు, అదీ నేను కొన్నదాన్ని. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఆ శనివారం గుండుగొలను దాటి కొల్లేరు వైపు వెళ్లే కాలవ మీదికి వెళ్లాం. నేను ఫోను స్టాండు బిగించాను, ఆయన నా రీలు మీద గొడుగు బిగించారు. ఎరగా కట్టిన రబ్బరు కప్పని గుర్రపుడెక్క మధ్యలోకి విసిరిన ఆరోసారి నీళ్లు పేలినట్టయ్యాయి. కొర్రమీను. కర్ర విల్లులా వంగింది. చేప డెక్క కిందికి దూరింది, తంగూసు కాడల్ని కోస్తున్న చప్పుడు నాకు వినబడుతోంది.

"గుంజకు. పట్టుకుని ఉండు చాలు," అన్నారు అంకుల్.

పట్టుకుని ఉండటం నాకు చేతకాని పని. అయినా ఉన్నాను. పావుగంటకి మూడు కేజీల పైచిలుకు కొర్రమీను గట్టెక్కింది. నేను ఫోను ముందుకెళ్లి నోటికొచ్చింది వాగాను. "చూశారా ఫ్రెండ్స్, ఇదీ మన పులి బొమ్మ తంగూసు దెబ్బ. లింకు కింద ఇచ్చాను. పెదాలతో చూడటాలు, బీరువాలో దాచటాలు అన్నీ పాతకాలం చాదస్తం. అదిగో, వెనకాల గొడుగంకుల్‌ని చూడండి." ఫోను అటు తిప్పాను. ఆయన గొడుగు కింద తంగూసుని తుడుస్తూ, కెమెరాకి చెయ్యి ఊపారు.

నలభై వేల మంది చూశారు. నాన్న రెండుసార్లు చూసి, "సరే, చేప ఉంది," అన్నారు. ఉండి ప్రయాణం నెల రోజులు వాయిదా పడింది.

వారం తిరక్కుండా కామెంట్లు మొదలయ్యాయి. 'అన్నా, తెగింది.' 'బ్రో, కట్టేటప్పుడే తెగింది.' భీమడోలు నుంచి ఒకాయన బండేసుకుని ఇంటికే వచ్చాడు. పేరు హేమంత్‌కుమార్ అట. రెండు ముక్కలైన పులి బొమ్మ తంగూసు నా చేతిలో పెట్టి, "మీ చేతికి తెగనిది నా చేతికెందుకు తెగిందో చెప్పండి చాలండీ," అన్నాడు. తిట్టినా బాగుండేది.

నాకేం తెలుసు. ఆ ముక్కలు పట్టుకుని దేవరాజు అంకుల్ ఇంటికెళ్లాను. ఆయన లేరు. సలోమి ఆంటీ పెరట్లో బీరపాదు దగ్గర విసుక్కుంటోంది. పందిరికి కట్టిన దారం తెగి రెండు బీరకాయలు నేల మీద పడున్నాయి. ఆ దారం ఆకుపచ్చగా ఉంది. చేతిలో ముక్కనీ దాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను.

"ఆంటీ, ఇదెక్కడిది?"

"నీదే కదా నాయనా. మీ అంకుల్ నీ గాలంలోంచి తీసేసింది. పారెయ్యడం ఎందుకని పాదుకి కట్టాను. బీరకాయని కూడా మొయ్యలేదు, ఏం తంగూసు కొన్నావయ్యా."

"మరి నా గాలంలో ఉన్నదేంటి?"

"రెండో రోజు మళ్లీ గూడెం వెళ్లి తెచ్చారు కదా. నీకు తెలియకూడదని సరిగ్గా అదే ఆకుపచ్చ కోసం నాలుగు కొట్లు తిరిగారట. మ్యాచింగులో ఆయన్ని మించినోళ్లు లేరులే. నీ ఒక్కడికేనా ఏంటి, గట్టు మీద అందరికీ అంతే. పాస్టర్ గారిది ఇప్పటికి మూడుసార్లు మార్చారు. ఆయనేమో ప్రార్థన ఫలం అనుకుంటున్నారు." ఆంటీ బీరకాయలు ఒళ్లో వేసుకుంది. "నేను చెప్పానని చెప్పకు."

ఇంటికొచ్చి నా రీలు మొత్తం విప్పాను. అట్టడుగున, తంగూసుని రీలుకి కట్టిన చోట, ఎర్రటి మిషను దారంతో సన్నగా చుట్టిన టైలరు ముడి ఉంది.

సాయంత్రం కాలవ గట్టు మీద ఆయన్ని పట్టుకున్నాను. "ఎందుకు చెప్పలేదు అంకుల్?"

"చెప్తే వినే రకమా నువ్వు? కాలేజీలో అంతమంది లెక్చరర్లు చెప్పారు."

"వీడియోలో మిమ్మల్ని అన్నేసి మాటలన్నాను. అప్పుడన్నా చెప్పాల్సింది."

"అప్పుడు చెప్తే ఆ చేప నీది కాకుండా పోద్ది కదరా. పట్టింది నువ్వే. తంగూసు చేపని పట్టదు, తెగకుండా ఉంటుందంతే." గొడుగు కొంచెం సర్దారు, ఎండ వాలిందని. "తెగితే చేప నోట్లో గాలం ఉండిపోద్ది, దానికి నరకం. మనిషేమో మళ్లీ గట్టుకి రాడు. నువ్వసలే మానెయ్యడంలో చెయ్యి తిరిగినవాడివి."



నిజం చెప్తే ఛానల్ పోతుంది, ఛానల్ పోతే ఉండి గోడౌనే. చెప్పకపోతే హేమంత్‌కుమార్ లాంటివాళ్లు రోజుకొకరు తెగిన ముక్కలతో వస్తారు. మర్నాడు అంకుల్ వరండాలో ఫోను పెట్టి, నేను వాగిన అబద్ధం మొత్తం ఒప్పేసుకున్నాను. పులి బొమ్మ లింకు తీసేశాను. తర్వాత తంగూసు ఎలా ఎంచుకోవాలో చెప్పండని అంకుల్‌ని అడిగాను. చెప్పారు. నలభై ఒక్క నిమిషాలు చెప్పారు. ఫ్యాను కట్టేయించి మరీ చెప్పారు.

ఆ వీడియో నూట పన్నెండు మంది చూశారు. అందులో సగం సలోమి ఆంటీయే. మిగతావాళ్లు మాత్రం ఉత్తినే ఊరుకోలేదు. ఆదివారం ఆరాధన అయ్యేసరికి అంకుల్ వరండాలో పదిహేడు గాలాలు అడ్మిట్ అయి ఉన్నాయి. ఒకటి ఉండి నుంచి వచ్చింది.

ఒకటో తారీకు పొద్దున్నే బట్టలు సర్దుకుని నాన్న ముందు నిలబడ్డాను. ఆయన పేపరు మడిచారు.

"మేత గోడౌను వాళ్లకి రావట్లేదని చెప్పేశాను."

"అదేంటి నాన్నా, ఆ వీడియో ఎవరూ చూడలేదు కదా."

"నేను చూశాను. నలభై ఒక్క నిమిషాలు నువ్వు ఒక్క చోట కూర్చున్నావు. రెండున్నరేళ్ల కాలేజీలో అలాంటి దాఖలా లేదు." కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అందులో నాలుగో చుట్ట ఇద్దరూ పెదాల మధ్య లాగి చూసినప్పుడు, గరుకున్న చోటు ఆయనకన్నా ముందు నువ్వే పట్టుకున్నావు. వెళ్లి ఆ పదిహేడూ పూర్తి చెయ్యి. సగంలో వదిలి ఇంటికొచ్చావంటే మాత్రం..."

వాక్యం ఆయన పూర్తి చెయ్యలేదు. మా ఇంట్లో ఆ జబ్బు ఎక్కడ్నించి వచ్చిందో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు నా పెదాలకి రెండు చోట్ల గాట్లున్నాయి. వేటకెళ్తే అంకుల్ తంగూసు చూసుకుంటారు, గొడుగు పట్టే పని నాది. నిన్న ఎవరో పెద్దాయన సైకిలాపి, నా మొహం మీద చెమటని చూసి జాలిపడ్డారు.

"బాబూ, గొడుగు కాస్త పక్కకి జరిగినట్టుంది."

"లేదండీ," అన్నాను. "సరిగ్గానే ఉందండీ."