కొంగున వేసిన రెండు ముళ్ళు

మొన్న ఆదివారం నేను స్టేజీ ఎక్కానండీ! డెబ్భై రెండేళ్ళ వయసులో, మైకు ముందు, హాలు నిండా జనం చూస్తుండగా. నన్నెవరూ పిలవలేదు. నా అంతట నేను నడిచి వెళ్ళిందీ లేదు, ఈడ్చుకుపోయారు. అయినా సరే, ఆ రోజు చప్పట్లు నాకే ఎక్కువ పడ్డాయి. ఆ ముచ్చటే చెబుతున్నాను, టీ చల్లారకుండా తాగుతూ వినండి.

మీకు తెలుసుగా, ఈమధ్య నాకు మతిమరుపు పట్టుకుంది. ఆ మధ్య కళ్ళజోడు ఫ్రిజ్‌లో దొరికింది. పెరుగు గిన్నె టీవీ పక్కన దొరికింది. నవ్వండి, ఫరవాలేదు. కానీ లోపల ఎంత భయమో నాకు తెలుసు. మా అమ్మ ఆఖరి రోజుల్లో నన్ను చూసి "ఎవరమ్మా నువ్వు, ఎవరింటికొచ్చావు?" అని అడిగింది. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

అందుకని పాత పద్ధతి మొదలుపెట్టాను. గుర్తుండాల్సిన పని ఉంటే కొంగు చివర ఒక ముడి. పని అయ్యాక విప్పేయడం. ముడి కనిపించిందంటే ఇంకా పని మిగిలి ఉన్నట్టు.

పేపర్లో చూశాను, మ్యూజియంలో భార్యాభర్తలు వేసిన బొమ్మల ఎగ్జిబిషన్ అని. పేర్లు చదివి లేచి నిలబడ్డాను. సుభద్ర, ప్రకాశరావు! ఉక్కునగరంలో మా పై క్వార్టర్ వాళ్ళు! ముప్పై ఏళ్ళ కిందటి మాట. గోదావరి వైపు నుంచి వచ్చారు. ఆయన షిఫ్టు దిగొచ్చి బొమ్మలు వేసేవాడు, ఆవిడ వంట ముగించుకుని వేసేది. తర్వాత ఉద్యోగం వదిలేసి హైదరాబాదు వెళ్ళిపోయారు.

మా ఆయన్ని బయల్దేరదీశాను. తీరా గేటు దగ్గరకెళ్ళాక ఆగిపోయారు.

"నాను లోపలికి రాను. బొమ్మలు సూసి నానేటి సేత్తాను? ఈ యేపసెట్టు కింద బల్ల మీద కూకుంటాను. ఎల్లేటప్పుడు పిలు."

సరేనని కొంగున ఒక ముడి వేశాను. అది ఆయన ముడి.

లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగోడ మీద కనిపించిందండీ! స్టీలు ప్లాంటులో కరిగిన మడ్డి పారబోసినప్పుడు ఆకాశం మండిపోతుంది కదా, ఆ ఎరుపు. కింద క్వార్టర్లు. ఒక పెరట్లో తీగ. తీగ మీద ఆకుపచ్చ చీర. నా చీర!

అప్పట్లో ఒక రోజు ఆ చీర తియ్యబోతుంటే పైనుంచి సుభద్ర ఒకటే కేక. "అక్కయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను, ఆ చీర ముట్టుకోకండి! బొమ్మ ఇంకా అవలేదు!" మూడు రోజులు తీగ మీదే ఉంది. నుసి పడి అంచు నల్లబడిపోయింది. "అది సీరా, జెండానా? ఎప్పుడు దింపుతావు?" అని మా ఆయన వెక్కిరింత.

తీరా కింద లేబుల్ చూస్తే, వేసింది ప్రకాశరావు అని ఉంది! పక్క గోడ మీద హార్బర్లో చేపలమ్మే ఆడవాళ్ళ బొమ్మ. దాని కింద సుభద్ర పేరు. మంటలు కాబట్టి మగవాడు వేసిందని, చేపల గంపలు కాబట్టి ఆడది వేసిందని అనుకున్నారు కాబోలు. సంచీ పట్టుకుని హార్బర్‌కి వెళ్ళేది ప్రకాశరావుగారే! సుభద్రకి ఆ వాసనే పడదు.

మెడలో బ్యాడ్జీ వేసుకున్న అమ్మాయి కనిపిస్తే చెప్పాను. "అమ్మా, ఈ రెండు పేర్లూ తారుమారయ్యాయి."

ఆ పిల్ల ఫోన్లో చూసి, ఎంతో మర్యాదగా, "లిస్టులో ఇలాగే ఉందండీ అమ్మమ్మా. చాలా ఏళ్ళయింది కదా, మీరే మరిచిపోయుంటారు" అంది.

ఇంకేమన్నా ఊరుకునేదాన్ని. ఆ మాటకి మాత్రం నా మీద నాకే అనుమానం వచ్చింది. నిజమేనేమో! కళ్ళజోడు ఫ్రిజ్‌లో పెట్టినదాన్ని. ఈ చీర కథ కూడా నేనే అల్లుకున్నానేమో!

వెళ్ళి ఓ కుర్చీలో కూలబడ్డాను. అప్పటికే సభ మొదలైంది, ప్రకాశరావుగారు స్టేజీ మీద ఉన్నారు. నా పక్కన తలంతా నెరిసిన ఒకావిడ, కంటి ఆపరేషన్ అయినట్టుంది, నల్లద్దాలు పెట్టుకుంది. నాలాగే తెల్లటి నేత చీర. కడుపులో మాట ఆగక ఆవిడతో అనేశాను.

"చూడండమ్మా, ఆ ఎర్ర ఆకాశం బొమ్మ ఆయనది కాదు, ఆవిడది."

"అలాగా? మీకెలా తెలుసు?"

"నా చీర మూడు రోజులు ఎండబెట్టి నాశనం చేసింది, నాకు తెలీదా!"

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఊగిపోతూ నవ్వింది. ఈవిడకీ పిచ్చిదానిలా కనిపించానన్నమాట! నాకు రోషం వచ్చింది. సుభద్ర రాగానే ఎదురుగా నిలబెట్టి అడగాలి. అడగడం మరిచిపోతేనో? ముడి! స్టేజీ మీదే చూపు పెట్టుకుని, కుర్చీల మధ్య వేలాడుతున్న కొంగు పైకి లాగి గట్టిగా ముడి వేశాను. నమ్మకం చాలక దాని మీద ఇంకోటి బిగించాను.

అంతలో మైకులో పిలిచారు. "ఇప్పుడు సుభద్రగారిని వేదిక మీదకు..."

పక్కనున్న నల్లద్దాలావిడ లేచింది!

నేను నోరు తెరిచేలోపే నా భుజం ఒక్క ఊపు ఊగింది. నా కొంగు ఆవిడ వెంట బయల్దేరింది. కొంగు వెంట నేను! పిన్నీసు పెట్టుకున్నాను కాబట్టి పరువు దక్కింది. "ఆగండమ్మా, ఆగండి!" అంటుంటే చప్పట్లలో ఎవరికి వినపడుతుంది? మెట్లు కూడా ఎక్కేశాను. అప్పుడు చూసుకుంటే, నా కొంగూ ఆవిడ కొంగూ కలిపి రెండు ముళ్ళు!

స్టేజీ మీదున్న ప్రకాశరావుగారు మా ఇద్దరినీ ఎగాదిగా చూశారు. మైకు చేతిలోనే ఉంది. "ఈ కొంగుకి పెళ్ళిలో నాతో ముడి వేశారమ్మా. మీరెప్పుడు వచ్చారు మధ్యలో?" అన్నారు. హాలు గొల్లుమంది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

సుభద్ర నల్లద్దాలు తీసింది. "సత్యవతక్కయ్యగారూ! గొంతు ఎక్కడో విన్నాననుకున్నాను. చీర మాట ఎత్తగానే తెలిసిపోయింది."

తర్వాత మైకు తీసుకుంది. "బండి లేటయి ఇప్పుడే వచ్చాం, గోడలింకా చూడలేదు. ఆ ఎర్ర ఆకాశం నాదే. ఆ చీర ఈవిడదే. చేపల బొమ్మ మా ఆయనది. ఇంతమందిలో ఈవిడొక్కరికే గుర్తుంది."

ఒక్కరికే గుర్తుంది! విన్నారా? మైకులో చెప్పింది!

ఆ చప్పట్లు మా అమ్మ కూడా విని ఉంటుందనిపించింది. ప్రకాశరావుగారు కూర్చుని ముళ్ళు విప్పుతుంటే, ఆ బ్యాడ్జీ పిల్ల లేబుళ్ళు ఊడదీసి మార్చింది. నా దగ్గరకొచ్చి, "సారీ అమ్మమ్మా, ఆ చీరతో పాటు మీ ఫొటో తీసుకోనా?" అంది. కాస్త మెడ నిటారుగా పెట్టి నిలబడ్డాను.

మధ్యాహ్నం వాళ్ళే కారెక్కించి గాజువాకలో మా ఇంటి ముందు దింపారు. దారంతా కబుర్లే.

"అన్నయ్యగారు ఎలా ఉన్నారు?" అని అడిగింది సుభద్ర.

"ఆయనకేం, ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉంటారు" అన్నాను.

వాళ్ళు వెళ్ళాక దర్జాగా టీ పెట్టుకున్నాను. గిన్నె దించుదామని కొంగు పట్టుకుంటే, చివర ఒక ముడి! ఇదేమిటి, ఇంకేం పని మిగిలింది? పాలా? గ్యాసా? కరెంటు బిల్లా? అంత జ్ఞాపకశక్తి ఉన్నదాన్ని, తట్టదే!

అప్పుడు ఫోను మోగింది.

"ఏటే, ఇంకెన్ని బొమ్మలున్నాయి? నీడెల్లిపోయి ఎండ నెత్తి మీదకొచ్చేసినాది. ఇందాక కార్లో అచ్చం నీలాగే ఎవరో ఎల్లినారు. సెయ్యి కూడా ఊపినాను, సూడనేదు."

"ఇదే ఆఖరి బొమ్మండీ, అయిపోవచ్చింది" అన్నాను, మా వంటింట్లో నిలబడి.

ముప్పై ఏళ్ళ కిందట ఆరేసిన చీర గుర్తుంది. పొద్దున్న ఆరేసిన మొగుడు గుర్తులేడు!

నిజం తెలిసిన ఆ రోజు నుంచి ఆయన నా ముళ్ళని నమ్మడం మానేశారు. నాతో ఎక్కడికొచ్చినా నా కొంగు చివర పట్టుకునే నడుస్తున్నారు. నిన్న రైతుబజార్లో ఎవరో ఇద్దరు అమ్మాయిలు మమ్మల్ని చూసి, "ఈ వయసులో కూడా ఎంత ప్రేమో చూడు!" అనుకున్నారు.

నేనేం కాదనలేదు.