కిలోగారూ, ఎనిమిది ట్రేల ఓవెనూ

కిలోగారికి లోకంలో పడని మాట ఒక్కటే: "సుమారు". ఆ మాట చెవిన పడితే చాలు, చేతిలో ఉన్న కాఫీ కప్పు పక్కన పెట్టేసి, కళ్ళజోడు సర్దుకుని, "సుమారు అంటే ఎంత?" అని నిలదీస్తారు. అవతలివాడు నీళ్ళు నమలాలి, లేదా అంకె చెప్పాలి. మూడో దారి లేదు.

ఆయన పెద్ద రోడ్డు మీది కాటా ఆఫీసులో అధికారి. బరువు బళ్ళన్నీ ఆ కాటా ఎక్కి, కాగితాలు చూపించాకే ముందుకు కదలాలి. పాతికేళ్ళుగా అదే కుర్చీ, అదే కిటికీ. అసలు పేరు జీతాల రిజిస్టరుకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. డ్రైవర్లకూ కిలోగారే, ఆఫీసరుకూ కిలోగారే.

ఒకసారి ఒక లారీ సరిగ్గా రెండు కిలోలు ఎక్కువ తూగింది.

"రెండు కిలోలే కదా సార్!" అన్నాడు డ్రైవరు.

"అవును, రెండే. దింపెయ్యండి."

పాపం ఆ డ్రైవరు తాగే నీళ్ళ డబ్బా రోడ్డు పక్కన ఒంపేశాడు. ఇంకా మూడు వందల గ్రాములు మిగిలాయి. బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాడు. "చేత్తో పట్టుకున్నా మీరు బండిలోనే ఉన్నారుగా" అన్నారు కిలోగారు ఎంతో ఓపిగ్గా. చివరికి ఆ బూట్లు కాటా ఆఫీసు గుమ్మంలో నిద్ర చేశాయి. డ్రైవరు వట్టికాళ్ళతో వెళ్ళి, మర్నాడు తిరుగు ప్రయాణంలో తీసుకెళ్ళాడు.

ఇంట్లోనూ ఇదే వరస. కోడలు కాపరానికి వచ్చిన రోజు, ఆమె పెట్టె చేత్తో ఎత్తి చూసి "పద్దెనిమిదిన్నర" అన్నారాయన. తూచితే పద్దెనిమిదీ నాలుగు వందల గ్రాములే వచ్చింది. ఆ వంద గ్రాముల కోసం మామగారు సాయంత్రందాకా మొహం మాడ్చుకుని కూర్చుంటే, కొత్త కోడలు తనవల్ల ఏం తప్పు జరిగిందోనని హడలిపోయింది. అత్తగారే వచ్చి ఓదార్చింది.

"నువ్వేం పట్టించుకోకమ్మా. కార్లో ఎక్కడికైనా వెళ్ళాలన్నా బరువు సరిపోలేదని నన్ను కుడిపక్క నుంచి ఎడమపక్కకి మారుస్తారు. ఆయన లెక్కలో నేను పెళ్ళాన్ని కాదు, అరవై ఎనిమిది కిలోల సామాను."

"అరవై తొమ్మిది" అని పక్క గదిలోంచి వినిపించింది.

ఈ కోడలు ఆరేళ్ళు ఇంకొకరి బేకరీలో పిండి పిసికింది. ఆ ఆరేళ్ళూ సొంత కొట్టు గురించే కలలు కన్నది. చివరికి ఒక సందులో మంచి కొట్టు దొరికింది, అంతకు రెండు నెలల ముందే పాత సామాన్ల గోడౌన్‌లో ఎనిమిది ట్రేల ఓవెన్ ఒకటి కొని అక్కడే ఉంచింది. ఆదివారం తెచ్చి బిగించుకోవాలని అనుకున్నారు. గురువారం పొద్దున్నే కొట్టు ఓనరు ఫోను చేశాడు.

"ఫోన్లు బాగుచేసే ఆయనొకడు ఈ కొట్టు తనకే కావాలని, తాళం చెవులు ఇవ్వమని ప్రాణం తీస్తున్నాడమ్మా. నీ ఓవెన్ ఇవాళ అయిదింటికల్లా కొట్లో ఉంటే సరి, లేకపోతే నన్ను తిట్టుకోకు."

కోడలు ఇక ఆదివారందాకా ఆగలేదు. మొగుడి వ్యానుకి అద్దె ట్రైలరు తగిలించి గోడౌన్‌కి పరుగెత్తింది. కిలోగారి కోడలు గనక లెక్కలో లోటు రానివ్వలేదు. తన లైసెన్సు మీద బండీ ట్రైలరూ కలిపి మూడువేల అయిదు వందల కిలోలు దాటకూడదు. వ్యాను, ట్రైలరు, ఎనిమిది వందల యాభై కిలోల ఓవెన్, తాళ్ళు, తను, తన చేతిసంచీ, అన్నీ కూడింది. ఎందుకైనా మంచిదని ఎనభై రెండు కిలోల మొగుణ్ణి గోడౌన్ దగ్గరే దింపేసి బస్సులో రమ్మంది.

ఒంటిగంటకు కాటా ఎక్కింది. కిటికీలోంచి కిలోగారు తొంగిచూశారు.

"మామయ్యగారూ, నేనండీ!"

"ఎవరో కనిపిస్తూనే ఉంది. బరువెంత చెప్పండి డ్రైవరుగారూ."

డ్యూటీలో ఉంటే ఆయనకు చుట్టాలుండరు. కోడలు నవ్వాపుకుని, "మూడు వేల మూడు వందల ఎనభై" అంది.

కాటా మీద అంకెలు గిరగిరా తిరిగి సరిగ్గా మూడు వేల మూడు వందల ఎనభై దగ్గర ఆగాయి. కిలోగారి మొహం చాటంత అయింది. ఆ సంతోషంతోనే కిందికి దిగి, ట్రైలరు పక్కన వంగి దాని రేకు మీద చెక్కిన అంకె చదివారు. చదివాక సంతోషం పోయింది.

"సొంత బరువుతో కలిపి ఇది రెండు వేల కిలోలు మోసే ట్రైలరు. అదే లెక్కన మీ వ్యాను మోసేది రెండు వేల మూడు వందలు. మొత్తం నాలుగు వేల మూడు వందలు. మీ లైసెన్సు చాలదు."

"అంత బరువు నేనెక్కడ వేశాను? ఇప్పుడే మీరే తూచారు కదా!"

"లైసెన్సుకి కావలసింది బండి మీదున్న బరువు కాదు. బండి మోయగలిగిన బరువు."

"అంటే ఖాళీ ట్రైలరు లాక్కెళ్ళినా తప్పేనా?"

"తప్పే."

"అందులో గాలి తప్ప ఏమీ లేకపోయినా?"

"గాలినే తీసుకెళ్ళినా తప్పే. మీ లైసెన్సుకి సరిపడే చిన్న ట్రైలరు, దాని సొంత బరువు పోను, మీ ఓవెన్‌ని మొయ్యలేదు. పెద్ద ట్రైలరు లాగే లైసెన్సు వేరే ఉంది, దానికి పరీక్ష వేరే ఉంది. అది ఉన్నవాళ్ళు వస్తేగాని బండి కదలదు." అని, ఇక్కడిదాకా నడిపినందుకు హెచ్చరిక చీటీ రాసి, ముద్ర వేసి మరీ చేతిలో పెట్టారు.

కోడలికి ఒళ్ళు మండిపోయింది. చెట్టంత మామగారు ఎదురుగా ఉండి ఇదా చేసేది! తెలిసిన డ్రైవర్లకల్లా ఫోన్లు చేసింది. ఒకడికి జ్వరం. ఇంకొకడు రెండు రోజుల దూరంలో ఉన్నాడు. మూడోవాడు "కిలోగారి కోడల్నే కిలోగారు ఆపేశారా!" అని అదేపనిగా నవ్వి, అసలు సంగతి వినకుండానే పెట్టేశాడు. గోడ గడియారం చూస్తూ కూర్చుంది. కిలోగారు మాత్రం ఏమీ జరగనట్టు వచ్చే లారీని తూచి పంపుతూనే ఉన్నారు.

"కూర్చోండి, రెండయ్యేదాకా" అన్నారొకసారి. ఎందుకో చెప్పలేదు. కోడలు మొహం తిప్పుకుంది.

సరిగ్గా రెండింటికి ఇంకో అధికారి వచ్చాడు. కిలోగారు రిజిస్టరులో సంతకం పెట్టి, టోపీ తీసి కొక్కేనికి తగిలించి, కోడలి ముందుకు వచ్చి చెయ్యి చాపారు.

"అమ్మాయ్, తాళం ఇలా ఇవ్వు."

"ఎందుకండీ?"

ఆయన జేబులోంచి ఒక కార్డు తీసి, సిగ్గుపడుతూ చూపించారు. కొత్త లైసెన్సు. పెద్ద ట్రైలర్లు లాగేది. మొన్ననే వచ్చింది.

కోడలు కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది. రెండు నెలలుగా ఆయన ప్రతి ఆదివారం మోకాళ్ళకు మంచిదని పొద్దున్నే నడకకు వెళ్ళి, మధ్యాహ్నానికి చెమటలు కక్కుతూ ఇల్లు చేరేది ఇందుకన్నమాట.

"ఈ వయసులో పరీక్ష రాశారా?"

"రాయడం తేలికే. నడపడమే... రెండుసార్లు తప్పాను. వెనక్కి తీసుకురావడం దగ్గర. ఆదివారం ఎలాగూ నేనే తోలేవాణ్ణి. నువ్వు ఇవాళే బయల్దేరతావని నాకేం తెలుసు?"

"ఇందాకే చెప్పొచ్చు కదండీ! గంటసేపు నా ప్రాణం పోయింది."

"డ్యూటీలో ఉండగా సొంత పని మాట్లాడతానా?"

దారి పొడుగునా ఆయన బండిని కుండలో నీళ్ళు మోస్తున్నంత జాగ్రత్తగా తోలారు. వెనక బళ్ళు హారన్లతో చెవులు చిల్లులు పొడిచాయి. సైకిళ్ళవాళ్ళు కూడా దాటేసి, వెనక్కి తిరిగి చూశారు. కోడలు గడియారం చూడటం మానేసి కళ్ళు మూసుకుంది.

సందు మొదట్లోకి వచ్చేసరికి నాలుగున్నర. కొట్టు ముందు ఓనరు తాళం చెవులు ఊపుతున్నాడు. పక్కనే ఫోన్లు బాగుచేసే ఆయన టేపు పట్టుకుని గుమ్మం కొలుస్తున్నాడు. ట్రైలరును సందులోకి వెనక్కి తోలి కొట్టు గుమ్మానికి ఆనించాలి.

మొదటిసారి ట్రైలరు కరెంటు స్తంభం మీదికి వెళ్ళింది. రెండోసారి కాలవ వైపుకి మొగ్గింది. సందులో జనం పోగయ్యారు. కిలోగారి చొక్కా తడిసి ముద్దయింది. కోడలు దిగి వెనక నిలబడింది.

"ఎడమకి, మామయ్యగారూ!"

"ఎంత?"

"జానెడు!"

"ఎవరి జానెడు? నీదా, నాదా?"

"మామయ్యగారూ, ముందు తిప్పండి!"

పాతికేళ్ళుగా అందరికీ ఆజ్ఞలిచ్చిన మనిషి కిక్కురుమనకుండా తిప్పారు. అయిదుకి పది నిమిషాలుండగా ట్రైలరు గుమ్మానికి ఆనుకుని ఆగింది. ఓనరు తాళం చెవులు కోడలి చేతిలో పెట్టాడు. ఫోన్లాయన టేపు చుట్టుకుని, మంచివాడే, "మంచి కొట్టమ్మా" అని వెళ్ళిపోయాడు.

కిలోగారు గుమ్మం మీద కూలబడ్డారు. కోడలు పక్కన కూర్చుంది.

"ఓవెన్ కొంటున్నప్పుడే ఇలా అవుతుందని మీకు తెలుసా?"

"కాగితం మీద బరువు చూశానుగా."

"మరి అప్పుడే చెప్పకూడదటండీ?"

కిలోగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "నాకు లైసెన్సు వస్తుందో రాదో. ముందే చెబితే నువ్వు భయపడి చిన్న ఓవెన్ కొనేదానివమ్మా."

కోడలికి కళ్ళు చెమర్చాయి. మామగారంటే ఇంత ఇష్టం తనకు ఎప్పుడు కలిగిందో ఆమెకే తెలియలేదు. ఆయన కంగారుపడిపోయి లేచి నిలబడ్డారు.

"ఇప్పుడు ఇదంతా ఎందుకు? ముందు దీన్ని లోపలికి దింపాలి. సందులోకెళ్ళి మనుషుల్ని పిలుచుకురా."

"ఎంతమందిని పిలవమంటారు?" అంది కోడలు కళ్ళు తుడుచుకుంటూ. "ఎనిమిది వందల యాభై కిలోలు. మనిషికి ఎంత చొప్పున వేసుకుందాం?"

కిలోగారు నోరు తెరిచారు. వేళ్ళు మడవబోయారు. మళ్ళీ ఎందుకో చేతులు దులిపేసుకుని నవ్వేశారు.

"ఎంతమంది వస్తే అంతమందినీ పిలు" అన్నారు.