ఆమెకేమైందో నాకు తెలియదు

మా పెద్ద సిస్టర్ పోయారు. నాచారంలో నేను పనిచేసే ప్రైవేటు ఆసుపత్రిలో ఇరవై ఏళ్లకు పైగా వార్డు ఇన్‌ఛార్జిగా ఉండి, మూడేళ్ల కిందట రిటైరైన మనిషి. మధ్యాహ్నం డ్యూటీ మారే వేళ మా నర్సుల వాట్సాప్ గ్రూపులో వార్త వచ్చింది. మందుల ట్రాలీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కింద వరుసగా దండాల బొమ్మలు, ఆ దండాల మధ్య ఒకటే ప్రశ్న: "ఏమైందంట?" ఎవరికీ తెలియదు. ఆమె చేతికింద పద్నాలుగేళ్లు పనిచేసినదాన్ని, ఆమెకు ఒంట్లో బాగాలేదన్న సంగతే నాకు తెలియదు. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. మా దగ్గర దాచడమేంటి?

దాచడం అన్నానుగానీ, ఆమె దాన్ని ఆ మాటతో పిలిచేవారు కాదు. వార్డులోకి రాగానే మంచం చుట్టూ మూగిన చుట్టాలను ముందు బయటికి పంపేవారు. "జర చాయ్ తాగి రాపోన్రి" అని నవ్వుతూనే తలుపు దాకా సాగనంపేవారు. ఒకసారి మంచం మీదున్న ఒక పెద్దాయన బావమరిది గయ్యిమన్నాడు.

"ఏంది సిస్టర్, మేం పరాయోళ్లమా?"

"గట్లెందుకంట అన్నా, మీరు ఆయనోళ్లే. ఒళ్లు మాత్రం ఆయనది."

అతను గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. తలుపు మూశాకగానీ ఆ పెద్దాయన, నెల రోజులుగా పక్క తడుస్తోందని నోరు విప్పలేదు.

కంప్యూటర్లు వచ్చాక ఆమెతో వేగలేక చచ్చేవాళ్లం. మంచినీళ్లకు లేచినా తెర మూసి లేవాలి, వచ్చి మళ్లీ పాస్‌వర్డు కొట్టాలి. మేమేమో ఒకరి పాస్‌వర్డు ఒకరం వాడుకునే రకం. నాదైతే బ్యాండేజీ ప్లాస్టర్ ముక్క మీద రాసి కీబోర్డు కింద అతికించాను. ఒకరోజు ఆమె దాన్ని పీకి తెచ్చి నా అరచేతికి అంటించారు. "ఇంటి తాళంచెవి గూడ గిట్లనే గేటుకు ఏలాడగడ్తవా?" అన్నారు. వెనక నుంచి అందరూ కిసుక్కుమన్నారు. చాదస్తం అనుకున్నాం. పని ఒత్తిడిలో ఉన్నవాళ్లకు ఎవరి జాగ్రత్తయినా చాదస్తంగానే కనిపిస్తుంది.

ఒక సాయంత్రం ఇద్దరం ఉప్పల్ బస్టాపులో మిర్చి బజ్జీలు కొన్నాం. కట్టిచ్చిన కాగితం చూస్తే ఎవరో అమ్మాయి రక్తపరీక్ష రిపోర్టు. పేరు, వయసు, ఫోన్ నంబరు, అన్నీ నూనెలో నాని మెరుస్తున్నాయి. ఎక్కడిదో, ఏ ల్యాబు వాళ్లు చిత్తుకు అమ్మేశారో. ఆమె బండివాడి దగ్గరున్న కాగితాల కట్ట మొత్తం అడిగారు. "నేను దేంట్ల కట్టియ్యాలె మల్ల?" అని అతను లబోదిబోమంటే, పక్క కొట్లో పాత న్యూస్‌పేపర్లు తెచ్చి ఇచ్చారు. ఆ తర్వాత బెంచీ మీద కూర్చుని ఒక్కో రిపోర్టూ పేరు తెలియకుండా చించడం మొదలుపెట్టారు. మా బస్సు వచ్చి వెళ్లిపోయింది. నాకు సిగ్గుగానూ ఉంది, ఆకలిగానూ ఉంది. "సల్లగైతున్నయ్ మేడం, తినుండ్రి" అన్నాను. "నువ్వు తిను" అన్నారు. తిన్నాను.

ఇక నా సంగతి చెప్పాలి. చెప్పకుండా ఆమె గురించి ఎంత రాసినా అది అబద్ధమే అవుతుంది.

ఎనిమిదేళ్ల కిందటి మాట. పాలమూరు వైపు నుంచి వచ్చి ఇక్కడి ఫ్యాక్టరీలో పనిచేసే ఒకతను దగ్గుతో మా వార్డులో చేరాడు. టీబీ అని తేలింది. మందులు సరిగ్గా వాడితే తగ్గే జబ్బే. అతని సూపర్‌వైజరు మా బిల్డింగులోనే పై వాటాలో ఉండేవాడు, మంచివాడు. మెట్ల మీద ఎదురై, "మా ఓడు మీ దవాఖానలనే ఉన్నడంట గదమ్మా, ఏమైందో ఏమో, ఫికరైతుంది" అన్నాడు. నిజంగానే దిగులుపడుతున్నాడు. "టీబీ అన్నా, భయం లేదు, తగ్గుతది" అన్నాను. అంతే. ధైర్యం చెప్పాననే అనుకున్నాను, నా నోరు పడిపోను.

డిశ్చార్జి అయిన వారానికి అతన్ని ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆపేశారు. ఎవరి నోట విన్నదో ఇంటి ఓనరమ్మ గది ఖాళీ చేయించింది. పెళ్లాంతో జవహర్‌నగర్ అవతలికి పోయి, దొరికిన కూలి చేసుకుంటూ మందులకు రావడం మానేశాడు. నోరా, వీపుకు తేకే అంటారు. నా నోరు నా వీపుకు తేలేదు, అతని వీపుకు తెచ్చింది.

సంగతి పొక్కిందెలాగని పెద్ద సిస్టర్ ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చారు. నా దగ్గరికి రాగానే చెప్పేశాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు.

"నువ్వు చెడ్డదానివి కావు. గదే నాకు భయం. చెడ్డోళ్లనైతే దూరం పెట్టొచ్చు," అన్నారు.

అతని కోసం ఆమె రెండు ఆదివారాలు జవహర్‌నగర్ గల్లీలు తిరిగారు, నన్నూ తిప్పారు. దొరకలేదు. ఆరు నెలలకు వాళ్లావిడే ఆటోలో వేసుకుని తెచ్చింది. అప్పటికి ఎముకలే మిగిలాయి. నాలుగో రోజు పోయాడు. పెద్ద సిస్టర్ నా మోచేయి పట్టుకుని ఆవిడ ముందుకు తీసుకెళ్లారు. "చెప్పు" అన్నారు. భర్త జబ్బు సంగతి ఫ్యాక్టరీకి ఎలా తెలిసిందో నా నోటితోనే చెప్పాను. ఆవిడకు ఎంతవరకు ఎక్కిందో తెలియదు. నా వైపు చూసి, "నువ్వా అక్కా? నువ్వు సూదేస్తే నొప్పే ఉండదని చెప్తుండె ఆయన" అంది. ఆ మాట ఇవాళ్టికీ నన్ను నిద్రపోనివ్వదు. "మల్ల ఎవరికన్న ధైర్యం చెప్పాలనిపిస్తే నాలుక పండ్లకింద పెట్టుకో" అన్నారు పెద్ద సిస్టర్, చేతులు కడుక్కుంటూ.

వార్త తెలిసిన రోజు సాయంత్రం లాలాపేట్‌లో వాళ్లింటికి వెళ్లాను. అప్పటికే అన్నీ అయిపోయాయి. కూతురు గడపలో కూర్చుని ఉంది. పక్కన కూర్చుని, ఉండబట్టలేక అన్నాను, "మా దగ్గరికి తోల్కరాకపోతిరి బిడ్డా. కండ్లల్ల పెట్టుకొని చూసుకుందుము."

"నేను గట్లనే అన్న ఆంటీ. అమ్మనే వద్దన్నది. 'అక్కడున్నోళ్లంత నా పిల్లలే, అందరు ఫైల్ తెరిచి చూస్తరు' అన్నది. శానా దూరం పోయి చూపించుకున్నది. ఏం బీమారో ఎవరికీ చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నది. అడగకున్రి ఆంటీ."

అడగలేదు. ఆమె నన్నూ ఆ లెక్కలోనే వేశారు. వేయకుండా ఎలా ఉంటారు? లేచి వచ్చేశాను.

ఆటోలో ఉండగా ఫోను టింగుమంది. మా జూనియరొకతె స్నేహితురాలు ఆ దూరపు ఆసుపత్రిలో పనిచేస్తుందట. ఆ జూనియరు పెద్ద సిస్టర్ కేస్ షీటు ఫొటో తీయించి గ్రూపులో పెట్టింది. "తీసెయ్యి" అని రాశాను. "మధ్యాహ్నం నుంచి అందరం ఏడుస్తున్నం అక్కా, ప్రేమతోనే కదా పెట్టిన" అని జవాబు వచ్చింది. ఆ పిల్లకు పని నేర్పింది నేనే. ఫోను చేసి తిట్టాను. ఏడుస్తూ తీసేసింది. కానీ నా ఫోనుకు ముందే విడిగా ఒకటి పంపి ఉంది, నాకు తెలియాలని.

ఇవాళ్టికి పదకొండు రోజులు. వార్డులో ఆమెకేమైందో అందరికీ తెలుసు. నేను లోపలికి వస్తే మాటలు ఆపేస్తున్నారు. ఆ ఫొటో నా ఫోనులో ఇంకా డౌన్‌లోడు కాలేదు. తెల్లగా మసగ్గా ఒక కాగితం, మూలన నీలం ముద్రలాంటి మరక, నడిమధ్యలో కిందికి చూసే బాణం గుర్తు. రోజూ ఒకసారి చూస్తాను. నొక్కలేదు. తీసేయనూ లేదు.