మునగాల పాదులో మిగిల్చిన మొక్క

2009లో వానలు వెనకబట్టాక నన్ను కోదాడకు ఉద్యానవన అధికారిగా వేశారు. మునగాల మండలం కూడా నా కిందే ఉండేది. నా పైన సహాయ సంచాలకుడు, మా ఆఫీసు భాషలో ఏ.డి. ఆయనకు గుమ్మడి గురించి తెలిసింది సాంబారులో ముక్క వరకే. అయినా సూర్యాపేటలో జరగబోయే రైతు ప్రదర్శనలో నలుగురు మోస్తే గాని కదలని గుమ్మడికాయను పెట్టి, దాని పక్కన నిలబడి ఫొటో దిగాలని ఆయనకు కోరిక పుట్టింది. ఎక్కడినుంచో రాక్షస గుమ్మడి గింజలు నాలుగు తెప్పించి, కవరుతో సహా నా బల్లమీద పడేశారు.

వాటిని వేసే చెలక కోసం తిరిగి తిరిగి నేను మునగాలలో సైదమ్మను ఒప్పించాను. గొర్రెలు కాచుకునే ఇల్లు వాళ్లది. బోరు పక్కన ఉన్న చిన్న పొలం చెక్క ఒక్కటే ఆమెకు నీళ్లు పారే నేల. ఆ బోరు కూడా కాసేపు పోసి కాసేపు దగ్గేది. బిందుసేద్యం పైపుల కోసం రెండేళ్లుగా మా ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. గుమ్మడి పెంచితే జాబితాలో ఆమె పేరు ముందుకు జరుపుతామని ఏ.డి. గారు నా ఎదుటే మాటిచ్చారు. ఆ మాట పట్టుకుని ఆమె టమాటా వేయడం మానుకుంది. ఆ చెక్కలో వారం రోజులు గొర్రెల మంద పెట్టించింది. మంద పడుకుని లేచిన నేలకు వేరే ఎరువు అక్కర్లేదు.

ఒకే పాదులో నాలుగు గింజలూ పెట్టాం. మూడు మొలిచాయి, అందులో ఒకటి పసుపుబారి పోయింది. ఇక ఉన్నవి రెండు. ఈ రకానికి పాదుకు ఒక్క మొక్కే ఉండాలి. అయిదారు ఆకులు వచ్చాక ఏది ఉంచాలో తేల్చి, రెండోదాన్ని నేలమట్టానికి కొయ్యాలి. పీకకూడదు, పీకితే పక్కదాని వేళ్లు కదులుతాయి.

ఎంపిక రోజున ఏ.డి. గారు జీపులో దిగారు. ఒక మొక్క జానెడు ముందుకు పోయింది, ఆకులు తాంబాళాల్లా ఉన్నాయి. కానీ దాని కాడ గుండ్రంగా లేదు, నడుం పట్టీలా చదునుగా ఉంది. రెండు తీగలు పుట్టుకలోనే అతుక్కుపోతే అలా వస్తుంది. ఆకు బాగా వేస్తుంది గాని, కాయ నిలుపుతుందన్న నమ్మకం ఉండదు. పైన పటారం, లోన లొటారం. రెండోది పొట్టిగా, లావుపాటి గుండ్రని కాడతో ఉంది. ఏ.డి. గారు చేతులు వెనక్కి కట్టుకుని, నడుం కూడా వంచకుండా, పెద్దదాన్ని ఉంచమన్నారు.

సైదమ్మ రెండు కాడల్నీ బొటనవేలితో నొక్కి చూసింది. "పిల్లపొట్టేలును మేం బొచ్చు జూసి ఉంచుకోం సారూ, కాలి బొక్క జూసి ఉంచుకుంటం. గీ పొట్టిదాన్నే ఉంచుండ్రి," అంది.

గొర్రె ఎముకకూ గుమ్మడి కాడకూ ముడిపెట్టిందని ఏ.డి. గారు పకపకా నవ్వారు. కనీసం పూత పడేదాకా రెండింటినీ ఉంచమని ఆమె బతిమాలింది. ఆయన గడియారం చూసుకుని నా వైపు తిరిగారు. నాకు ఉద్యాన శాస్త్రంలో పట్టా ఉంది. కాడ చదునుగా ఉండటం ఆయన రాకముందే చూశాను. నోరు మెదపకుండా కొడవలి తీసుకుని పొట్టిదాన్ని కోసేశాను.

మిగిల్చిన తీగ చెక్కంతా పాకింది. వచ్చిన పిందె వచ్చినట్టే నిమ్మకాయంత కాగానే పండుబారి రాలింది. ప్రదర్శనలో మా బల్లమీద ఊరి సంతలో కొన్న మామూలు గుమ్మడికాయలు రెండు పెట్టాం. వాటి పక్కన ఏ.డి. గారు ఫొటో మాత్రం దిగారు. తర్వాత నాచేత నివేదిక చెప్పి రాయించారు: రైతు అశ్రద్ధ వల్ల, వేళకు నీరు కట్టకపోవడం వల్ల కాయ నిలవలేదు. కింద నా సంతకం. అశ్రద్ధ అని రాసిన రైతుకు పైపులు ఇవ్వరు. జాబితాలోంచి సైదమ్మ పేరు కొట్టేశారు. ఆ తర్వాత ఆఫీసులో ఎవరు గుమ్మడికాయ మాటెత్తినా నేను భుజాలు తడుముకునేవాణ్ని.

మరుసటి యేడు నాకు మిర్యాలగూడకు బదిలీ అయ్యింది. వెళ్లేముందు మునగాల పోయాను. ఆమె బిందెతో టమాటా మొక్కలకు నీళ్లు పోస్తోంది. ఓదార్పుగా ఉంటుందనుకుని, ఆమె మాటే నిజమని, ఆ చదును కాడ పనికిరాదని నాకు ఆ రోజే తెలుసని చెప్పాను. పెద్ద మనసు చూపిస్తున్నానని నా మురిపెం.

సైదమ్మ బిందె దించింది. "నీకు తెల్వక కోసినవనుకున్న సారూ. గందుకే గిన్నొద్దులు నిన్నేమనలె," అంది. మళ్లీ బిందె ఎత్తుకుని బోరు దగ్గరికి పోయింది.

ఏ మొక్కను ఉంచాలని ఇప్పటికీ ఎవరైనా అడుగుతుంటారు. ఆకు చూసి మోసపోవద్దు, కాడ పట్టి చూడండి, గుండ్రంగా ఉన్నదాన్ని ఉంచండి అని చెబుతాను. జీపులో ఎవరు దిగినా సరే, ఆ మాట కొడవలి పట్టుకున్నవాడే చెప్పాలి. నేను చెప్పలేదు. సైదమ్మకు పైపులు రాలేదు.