బొట్టు పెట్టిన కంప్యూటర్

మూలన పడున్న పాత కంప్యూటర్‌లో లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు నింపి, వనపర్తిలో మా ముందుగదిలో పెట్టాను. "ఎవరైనా వాడుకోవచ్చు, ఉచితం" అని తలుపుకు కాగితం అంటించాను. పది రోజులుగా ఒక్కరూ రాలేదు. ఈ ఊరికి చదువు పట్టదని లోలోపల మండిపడ్డాను.

ఈ రోజు కూలికి పోయే ఎల్లమ్మక్క చెప్పులు విడిచి, గడప బయటే నిలబడి తొంగిచూసింది.

"లోపలికి రా అక్కా. నీ బిడ్డను గూడ తోల్కరా."

"ఎట్ల రావాలె తమ్మీ? దానికి పసుపు కుంకుమ పెట్టిన్రు. మావోళ్లు ముట్టుకుంటే మీ అమ్మ ఊకుంటదా?"

దసరాకు అమ్మ పెట్టిన బొట్టది. రోజూ దాని ముందే ఒంటరిగా కూర్చున్నా నాకు కనబడలేదు. తడిగుడ్డ తెచ్చి తుడిచేసరికి ఆమె వెళ్లిపోయింది. కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది.

అందరికీ అని మీరు తెరిచిపెట్టిన తలుపు దగ్గర ఏ బొట్టు ఉందో, ఒకసారి చూసి చెప్పండి.