చిగురు తినని కోయిల

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసు, చేతిలో బి.ఏ. తెలుగు డిగ్రీ, తండ్రి హైస్కూల్లో తెలుగు మాస్టారు. ఈ మూడూ ఒకచోట చేరాక మనిషికి ఇంకేం తెలియాలి? ఉద్యోగం ఎలా వస్తుందన్నది ఒక్కటే తెలియలేదు. అది చిన్న లోటేనని నేననుకునేవాణ్ణి, నాన్న అలా అనుకునేవారు కాదు. పొద్దున్నే పేపరు చదువుతూ, ఆ పేపరుతోనే మాట్లాడుతున్నట్టు, "ఊళ్ళో కుర్రాళ్ళంతా ఎక్కడో ఒకచోట కుదురుకుంటున్నారు" అనేవారు.

ఇది ఎనభైల మొదట్లో మాట. నూజివీడు నుంచి రెడ్డిగూడెం వెళ్ళే దారిలో ఒక మామిడితోట, ఆ తోటలో ఓ పెంకుటిల్లు. అందులో హాలెండు నుంచి వచ్చిన దంపతులు అద్దెకు దిగారు. ఆయన పల్లెల్లో బోర్లు వేయించే పనిమీద పొద్దున్నే జీపులో వెళ్తే మళ్ళీ సాయంత్రమే రావడం. ఆవిడకి యాభై దాటి ఉంటాయి. పగలంతా వెనక మెట్ల మీద కాఫీ గ్లాసుతో కూర్చునేది. మెళ్ళో బైనాక్యులర్సు, ఒళ్ళో నోటుబుక్కు. ఉడత ఎన్నిసార్లు దిగిందీ, చీమల బారు ఎటు పోయిందీ అన్నీ రాసుకునేది. కనిపించిన ప్రతిదానికీ "ఎందుకు?" అని అడిగేది. ఇంత పూత పూసి కాయలు కొన్నే ఎందుకు? ఎర్రచీమలు ఆకుల్ని కలిపి కుట్టడం ఎందుకు? ఆరేసిన బట్టలకి ఈ జిగురెందుకు? తోటలో పనిచేసే ఆడవాళ్ళు నెల తిరక్కుండానే ఆవిడకి 'ఎందుకమ్మగారు' అని పేరు పెట్టేశారు. ఆవిడకి తెలుగు నేర్పడానికి నన్ను కుదిర్చారు. (కుదిర్చింది నాన్నే. దాంతో మా ఇంట్లో పేపరుకి కొంత విశ్రాంతి దొరికింది.)

నేను నేర్పిన తెలుగు గురించి చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. వాడుక మాటలు ఎవరైనా నేర్పుతారు, మనం అసలైన భాష నేర్పాలి అనుకున్నాను. ఫలితంగా ఒకనాడు ఆవిడ పాలవాడితో, "ఓయీ, నీవు పాలలో నీరు కలిపితివా?" అంది. పాలవాడు క్యాను కింద పెట్టి, రెండు చేతులూ జోడించి, "లేదు తల్లీ, ఇకమీదట కలపను" అన్నాడు. పాలు బాగుపడ్డాయని ఆవిడ నన్ను మెచ్చుకుంది. గురువుగారూ అని పిలిచేది. ఆ వయసులో గురువుగారనిపించుకుంటే కాళ్ళు నేలమీద ఆనుతాయా?

మాఘమాసం వచ్చింది. పెరట్లో ఉన్న చిన్నరసం మామిడిచెట్టు ఒకవైపంతా పూతతో విరగబడింది, రెండోవైపు రాగిరంగు చిగురు వేసింది. ఓ పొద్దున పాఠం మధ్యలో కోయిల అందుకుంది. ఆవిడ పెన్సిలు ఆపి, "ఈ పక్షి ఇంత మధురముగా కూయుట ఎందుకు?" అని అడిగింది.

ఇంతకన్నా తేలిక ప్రశ్న ఉంటుందా! "మామిడి చిగురు తింటుంది కదండీ. ఆ వగరుకి గొంతు విచ్చుకుంటుంది."

"మీరు చూచితిరా?"

లేదనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ నోట్లోంచి వచ్చిన మాట వేరు. "అయ్యో, చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నానండీ!"

ఆవిడ ముఖం వెలిగిపోయింది. తన దేశంలో పక్షుల పుస్తకాలన్నీ చదివిందట, ఈ ముక్క ఎందులోనూ లేదట. అయితే నోటుబుక్కులోకి కళ్ళతో చూసినదే ఎక్కాలని ఆవిడ నియమం. "రేపటి నుండి మనమిద్దరము చూతము" అంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. మైలవరంలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు మాస్టారి పోస్టుకి వచ్చే సోమవారం ఇంటర్వ్యూ. ఎవరైనా పెద్దవాళ్ళ దగ్గర్నుంచి సిఫారసు ఉత్తరం తెమ్మన్నారు. అది రాసిస్తానన్నది ఈవిడే. నా మాట అబద్ధమని తేలితే ఆ ఉత్తరం సంగతేంటి?

మర్నాడు వెళ్ళేసరికి చెట్టుకింద రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. పూత మీది తేనెబంక చొక్కా మీద పడుతోంది, చీమలు కాలర్లోకి దారి కనుక్కున్నాయి. కోయిల వచ్చింది. చిగురుకొమ్మ మీదే కూర్చుంది. కూసింది. అటు చూసింది, ఇటు చూసింది, ముక్కు కొమ్మకేసి రుద్దుకుంది, ఎగిరిపోయింది.

"తినలేదు," అంది ఆవిడ.

"ఇవాళ ఏకాదశి అండీ," అన్నాను.

రెండోరోజూ అంతే. అదెళ్ళి తోట చివరి రావిచెట్టు మీద పండ్లు తింటుంటే ఇద్దరం చూశాం. "అది ఫలహారమండీ, భోజనం కాదు" అన్నాను. తోట ఆసామి భార్య (అందరం పెద్దమ్మగారు అనేవాళ్ళం) చీపురు పట్టుకుని అటుగా వచ్చి, "ఏంటి బాబూ, పొద్దస్తమానం చెట్టు వంకే చూస్తున్నారు, ఏం పోయిందక్కడ?" అంది. నా ఉద్యోగం పోయిందని ఎలా చెప్పను?

ఆ సాయంత్రం నాన్నని పట్టుకున్నాను. "నాన్నా, కోయిల చిగురు తినడం మీరు చూశారా?"

"చూడ్డమేంటిరా? మా గురువుగారు చెప్పారు."

"ఆయన చూశారంటారా?"

"ఆయన్ని అడిగే ధైర్యం ఎవరికుందిరా!" అని నాన్న పేపరు అడ్డం పెట్టుకున్నారు.

గురువారం పొద్దున దేవుడు కరుణించాడనుకున్నాను. చెట్టుకింద నేలంతా లేత చిగురాకులు రాలి ఉన్నాయి. గెంతినంత పనిచేశాను. "చూడండి! తెల్లారేలోపే తినేసి వెళ్ళింది. ఇవి ఎంగిలి ముక్కలు!"

ఆవిడ ఓ ఆకు తీసి భూతద్దం పెట్టి చూసింది. "గురువుగారూ, ఈ అంచు ఇంత తిన్నగా ఉన్నది. ఎందుకు?"

పక్కనే ఊడుస్తున్న పెద్దమ్మగారు చీపురు ఆపింది. "కోయిలేంటి నాయనా! పురుగది. లేతాకు మీద గుడ్లు పెట్టి, మొదలు దగ్గర కత్తెరతో కోసినట్టు కోసి పడేస్తుంది. ఏరి తగలబెట్టకపోతే మళ్ళీ పుట్టుకొస్తాయి. చదువుకున్నోళ్ళు, ఆ మాత్రం తెలీదా?" అంటూ కొమ్మ వంచి, చిగురు మీద బియ్యపుగింజంత పురుగుని చూపించింది.

ఆవిడ ఆ పురుగుని చాలాసేపు చూసింది. తర్వాత నావైపు తిరిగి, మెల్లిగా అడిగింది. "మీరు చూచితిరా? కోయిల తినుట?"

కాలర్లో చీమ కుడుతున్నా దులుపుకోలేదు. "లేదండీ," అన్నాను. "పుస్తకాల్లో చదివాను. ఎప్పుడూ తలెత్తి చూడలేదు." తల దించుకుని నిలబడ్డాను. ఉత్తరం మీద ఆశ అక్కడితో వదిలేసుకున్నాను.

ఆవిడకి కోపం రాలేదు. సంతోషంగా చేతులు రుద్దుకుంది. "మంచిది! ఇప్పుడు మీకును తెలియదు, నాకును తెలియదు. కూర్చొనుడు, చూతము." ఆ పూట మేము చూసిన చెట్టు వేరే చెట్టులా ఉంది. నూజివీడులో పుట్టి పెరిగి, ఒక పూతకొమ్మ మీద ఎన్నిరకాల ఈగలు వాలతాయో మొదటిసారి లెక్కపెట్టాను.

ఆదివారం అడక్కుండానే కవరు చేతికిచ్చింది. విప్పి చూసే ధైర్యం లేక అలాగే మైలవరం పట్టుకెళ్ళాను. స్కూలు కరస్పాండెంటు గారు కళ్ళజోడు సర్దుకుని, ఇంగ్లీషులో ఉన్నదాన్ని నా ఎదుటే తెలుగు చేసుకుంటూ చదివారు. "ఈ యువకునికి చాలా విషయాలు తెలుసు. తెలియనివి కూడా తెలుసనే చెప్పేవాడు. పోయిన గురువారం నుంచి మానేశాడు." ఉత్తరం దించి, "ఏంటయ్యా ఇది, సిఫారసా, ఫిర్యాదా? ఏం జరిగింది గురువారం?" అన్నారు.

చెప్పాను, ఏకాదశితో సహా. ఆయన లేచి కిటికీ దగ్గరికెళ్ళి స్కూలు ఆవరణలోని మామిడిచెట్టు వంక చూశారు. "నేనూ ఇన్నేళ్ళుగా తింటుందనే అనుకుంటున్నానయ్యా. ఇంతకీ ఏం తింటుందట?"

"రావిపండ్లు తినడం చూశామండీ. మిగతాది ఇంకా తెలియదు."

"రేపొచ్చి చేరు," అన్నారాయన.

ఇంటికొచ్చి చెబితే నాన్న పేపరు మడిచి పక్కన పెట్టారు. "రావిపండ్లా? పద్యంలో ఇమడవురా" అన్నారు దిగులుగా.

ఆ దంపతులు రెండేళ్ళుండి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు చిరునామా రాసిచ్చి, కొత్త సంగతి చూస్తే రాయమంది ఎందుకమ్మగారు. నేను రిటైరయ్యేదాకా అదే స్కూల్లో పాఠాలు చెప్పాను. కోయిల పాఠం వచ్చినప్పుడల్లా, "నేను చూడలేదర్రా, మీరు చూస్తే చెప్పండి" అనేవాణ్ణి. ఒక కుర్రవాడు లేచి, "నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నానండీ" అన్నాడు. వాణ్ణి కోప్పడటం మాత్రం నావల్ల కాలేదు.

ఇప్పుడు మా పెరట్లోనూ ఓ చిన్నరసం చెట్టుంది. మాఘం రాగానే కుర్చీ దాని కిందికి జరుపుకుంటాను. కోయిల చిగురుకొమ్మ మీద వాలితే, తినదని తెలిసీ, ఊపిరి బిగబట్టి చూస్తాను. ఆవిడ ఇప్పుడు ఉందో లేదో తెలియదు. చిరునామా కాగితం మాత్రం భద్రంగా ఉంది. కోయిల ఒక్కసారి, ఒక్క చిగురు కొరికితే చాలు, ఓ కార్డు ముక్క మీద ఒకే ఒక్క మాట రాసి పంపాలని ఉంది: 'చూచితిని.'